మెరిసే టైరు మీద నాకు అనుమానం

2024 డిసెంబర్‌లో మా అల్లుడు ఒక పాత కారు బేరం పెట్టాడు. 2017 మోడలు, తెల్ల రంగు. "బయానా ఇచ్చే ముందు మీరొకసారి చూస్తే బాగుంటుంది మామయ్య గారూ" అని నన్నూ మా అమ్మాయినీ వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. విజయవాడ పొలిమేరలో, హైవే పక్కన రేకుల షెడ్డు. వరసగా పాతిక కార్లు. అన్నిటి టైర్లూ పెళ్ళికొడుకు బూట్లలా నిగనిగలాడుతున్నాయి. అల్లుడు బానెట్ ఎత్తించి ఇంజను చూస్తున్నాడు. అమ్మాయి ఏసీ వేయించుకుని లోపల కూర్చుంది. నేను మాత్రం అక్కడ బకెట్లో నానుతున్న గుడ్డ ఒకటి పిండుకుని, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు పక్కభాగాన్ని గట్టిగా రుద్దాను.

నిజానికి నేను వెతికింది బురద కోసం. ఆ సెప్టెంబర్ మొదట్లోనే కదా బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నది. అప్పుడు మునిగిన కార్లను కడిగి, ఆరబెట్టి, ఎవరెక్కడ అమ్మకానికి పెట్టారో ఎవరు చెప్పొచ్చారు? ఒండ్రు ఒక పట్టాన వదలదు. టైరు మీద ఉబ్బెత్తు అక్షరాల సందుల్లో, రిమ్ము లోపలి అంచున ఎండి పట్టుకుని ఉంటుంది. పాలిష్ పూసే కుర్రాడి చెయ్యి అంత లోపలికి పోదు.

బురద దొరకలేదు. గుడ్డ మాత్రం నల్లబడింది, వేళ్ళు జిడ్డయ్యాయి. జిడ్డు ఊడిన చోట, నీళ్ళింకిన చెరువు అడుగులా సన్నటి పగుళ్ళు బయటపడ్డాయి.

"పోయినేడాదే నాలుగూ మార్పించారండీ, ఓనరు చాలా జాగ్రత్త మనిషి" అంటున్నాడు అమ్మే కుర్రాడు. నేను కళ్ళజోడు సర్దుకుని, టైరు మీద డాట్ అనే మూడక్షరాలు పట్టుకుని వాటి వెంటే పోయాను. ఆ వరస చివర కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 1417. అంటే 2017లో పద్నాలుగో వారం తయారైన టైరు. రెండోదీ 1417. మూడోది 1517. నాలుగో దానికి ఆ అంకెలు లోపలివైపు పడ్డాయి, సెల్‌ఫోను లైటు వేసుకుని బండి కిందకి తల పెట్టాల్సి వచ్చింది. అదీ 1417. చివరికి డిక్కీలోంచి స్టెప్నీ తీయించాను. ఒక్కసారైనా నేల మొహం చూడని ఆ స్టెప్నీ మీదా 1417. కంపెనీలో తొడిగి పంపిన టైర్లే ఏడేళ్ళుగా తిరుగుతున్నాయన్నమాట. తలెత్తి చూసేసరికి కుర్రాడు ఫోను చెవిన పెట్టుకుని అవతల కారు దగ్గరికి నడుస్తున్నాడు.

నేను ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్ళు టైర్ల సెక్షన్‌లో పనిచేశాను. బస్సు టైరుకి ఎవరూ పాలిష్ పెట్టరు. కొత్త టైరు ముందు చక్రాలకు వెళుతుంది, అరిగాక రీట్రెడింగ్ చేయించి వెనక చక్రాలకు ఎక్కిస్తాం. ఏ టైరు ఇంకోసారి రీట్రెడింగ్‌కి తట్టుకుంటుంది, ఏది తుక్కుకి పోవాలి అన్నది తేల్చుకోవాలంటే ముందు దాని ఒళ్ళు చూడాలి. పక్కభాగంలో కోత ఉందా, ఉబ్బు ఉందా, పగుళ్ళు పైపైనేనా, లోపలి దారాల దాకా పోయాయా అని. రోజుకి పదుల టైర్లు అలా తడిమి తడిమి నా బొటనవేలి చర్మం మొద్దుబారిపోయింది. అలాంటివాడికి కారు టైర్లు నల్లగా మెరుస్తుంటే ముచ్చట పుట్టదు. ఏం దాస్తున్నారా అనిపిస్తుంది.

అయినా పాలిష్ వద్దే వద్దని నేననను. అల్లుడు ఆ కారు కొన్నాడు, నాలుగు కొత్త టైర్ల ఖరీదు ధరలోంచి కోయించుకుని మరీ. టైర్లు మార్పించిన వారానికి మళ్ళీ నా దగ్గరికొచ్చి, "ఇప్పుడు కొత్తవే కదా మామయ్య గారూ, ఇప్పుడైనా మెరిపించుకోవచ్చా?" అన్నాడు. పిల్లవాడి ముచ్చట. సరే పద అని ఆటోనగర్ తీసుకెళ్ళాను.

ఆటోనగర్‌లో సామాన్ల కొట్లకి కరువు లేదు. నాకు తెలిసిన కొట్టతను నన్ను చూసి, "ఏం బాబాయ్, రిటైరయ్యాక సోకులు మొదలెట్టావా?" అంటూ బల్ల మీద సీసాలు పేర్చాడు. త్రీఎమ్ ఉంది, మెగ్వయర్స్ ఉంది, టర్టిల్ వాక్స్ ఉంది, మన దేశపు వేవెక్స్ ఉంది, పేరు చదవడానికి కూడా వీల్లేని డబ్బాలు ఇంకో అర డజను. పేర్లు ఎన్నయినా సరుకు స్థూలంగా రెండు జాతులు. ఒకటి పెట్రోలియం ద్రావకంలో సిలికాన్ నూనె కలిపింది. చిక్కగా, పారదర్శకంగా ఉంటుంది, మూత తీస్తే కిరసనాయిలు దగ్గరి చుట్టంలా వాసనొస్తుంది, మంటకు దూరంగా ఉంచమని సీసా మీదే రాసి ఉంటుంది. రెండోది నీళ్ళలో కలిపింది. పాలలా తెల్లగా ఉంటుంది, వాసన పెద్దగా ఉండదు. రెంటిలోనూ సిలికాన్ ఉండొచ్చు. సిలికాన్ అనే మాట వినగానే విషం అని బెదిరిపోయేవాళ్ళున్నారు గానీ, రబ్బరుకి అసలు గొడవ దాన్ని మోసుకొచ్చే ద్రావకంతోనే.

సీసా మీద ఏ జాతో రాసి ఉంటే బాగానే ఉండును. చాలా డబ్బాల మీద ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ ఉంటాయి. మెరుపు, వజ్రం, వెట్ లుక్, తొంభై రోజులు. అందుకని నేను టీ గ్లాసుతో మంచినీళ్ళు అడిగాను. ఒక్కో సీసాలోంచి ఒక చుక్క అందులో వేయించాను. ఒకటి నూనెలా పైకి తేలింది. ఒకటి వేసీ వేయగానే మజ్జిగలా కలిసిపోయింది. కొట్టతను నవ్వుతూనే, "దీనికి గిరాకీ లేదు బాబాయ్, మెరవదు. జనం అద్దంలా కనబడాలంటారు" అన్నాడు. నాకు కావలసింది అదే. పూసిన తరవాత కూడా టైరు మీద పగులుంటే కనబడాలి, మేకు దిగితే కనబడాలి, ఆ నాలుగంకెలు చదవడానికి రావాలి. అది కానివ్వనిది ఎంత పేరున్న సీసా అయినా నాకు అక్కర్లేదు.

జిడ్డు రకంతో ఇంకో తంటా ఉంది. మన ఊళ్ళ దుమ్ముకి అది బంక కాగితం. పొద్దున పూసి బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొస్తే సాయంత్రానికి టైరు గోధుమపిండిలో దొర్లిన అప్పంలా తయారవుతుంది. ఎక్కువైన జిడ్డు చక్రం తిరిగే ఊపుకి చిమ్మి తలుపుల కింద నల్ల చుక్కలు పడతాయి. అవి బట్ట పెట్టి తుడిస్తే సాగుతాయి. ఆటోనగర్‌లోనే పెయింటింగ్ షెడ్డు నడిపే నా మిత్రుడొకడున్నాడు, తన షెడ్డు చుట్టుపక్కల ఎవరైనా సిలికాన్ స్ప్రే కొడితే కొట్టినంత పని చేస్తాడు. గాల్లో తేలిన తుంపర రేకు మీద పడితే, ఆ పైన వేసిన రంగు అక్కడ నిలవక గుండ్రటి గుంటలు పడుతుంది. చేప కళ్ళు అంటాడు వాడు. మళ్ళీ అంతా గీకి మొదటినుంచీ రావాలి. స్ప్రే డబ్బాలు నాకందుకే నచ్చవు. సగం టైరు మీద, సగం బ్రేకు డిస్కు మీద పడుతుంది. డిస్కు మీద నూనె పడిన బండికి బ్రేకు ఎలా పడుతుందో చెప్పక్కర్లేదు. ద్రవమే కొనుక్కుని, స్పాంజి ముక్క మీద పోసుకుని, చేత్తో రాసుకోవడం మేలు.

ఇంత గట్టిగా చెబుతున్నాను గానీ, నా బుద్ధి వికసించింది దెబ్బ తిన్నాకే. 1991 దసరా. నాకు అప్పటికి పెళ్ళయి ఆరు నెలలు. గ్యారేజీలో ఆయుధపూజకి అందరూ బళ్ళు కడుగుతుంటే, నేను నా స్కూటరు టైర్లకి కాలిన ఇంజనాయిలు పట్టించాను. డ్రైవర్లు చాలామంది చేసేవాళ్ళు, నల్లగా భలే ఉండేది. అంతటితో ఆగానా, పక్కలకే కాదు, నేలకి ఆనే భాగం మీద కూడా గుడ్డతో లాగించాను. సాయంత్రం మా ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని కొండ దగ్గరికి అమ్మవారి దర్శనానికి బయల్దేరాను. మొదటి మలుపు తిరగనే లేదు. స్కూటరొక వైపు, నేనొక వైపు, కొత్త పట్టుచీరతో ఆవిడొక వైపు. దెబ్బలు పెద్దగా తగల్లేదు. ఆ చీర మాత్రం మళ్ళీ కట్టలేదు. ముప్పయ్యేళ్ళు దాటినా ఇప్పటికీ దసరా వస్తే ఆ చీర అంచు రంగుతో సహా గుర్తు చేస్తుంది.

మర్నాడు కుంటుకుంటూ డ్యూటీకి పోతే మా ఫోర్‌మన్ గారు విషయం విని, "ఒరేయ్, రబ్బరుకి తాగుడు అలవాటు చేస్తున్నావురా" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి ఆయన ఒక టైరు ముక్కని డీజిల్ డబ్బాలో వేసి వారం ఉంచి చూపించారు. ఉబ్బి, మెత్తబడి, గోరుతో గిల్లితే ఊడొస్తోంది. టైర్లలో వాడే సహజ రబ్బరైనా, కృత్రిమ రబ్బరైనా పెట్రోలియం నూనెలకి లొంగిపోతుంది. కాలిన ఆయిలు, డీజిలు, కిరసనాయిలు, గ్రీజు అన్నీ ఒక కుదురువే. ఈ రోజుకీ వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో బండి కడిగాక చివర్లో డీజిలు తుంపర కొట్టించేవాళ్ళని చూస్తుంటాను. ఇంకొందరు కొబ్బరినూనె పూస్తారు. అదీ నూనే, అదీ దుమ్ము పడుతుంది. మోటార్ సైకిళ్ళ వాళ్ళకైతే నా సలహా ఒకటే, అసలు ఏదీ పూయకండి. కారు టైరుకి పక్కభాగం వేరు, నేలకి ఆనే భాగం వేరు. మోటార్ సైకిలు మలుపులో ఒరిగితే పక్కకి దగ్గరగా ఉన్న భాగమే నేలని పట్టుకోవాలి.

పండగ ఒక్కరోజుకి మెరవాలంటే ఇంట్లోనే మందుంది. మా ఆవిడ మడమల పగుళ్ళకి తెచ్చుకునే గ్లిజరిన్. నీళ్ళలో కలిపి రాస్తే నల్లగా నిగనిగలాడుతుంది, రబ్బరుకి హాని చేయదు, వాన పడితే కొట్టుకుపోతుంది. దుమ్ము అంటుకుంటుంది, అది దాని లోపం. ఆవిడకి చెప్పి తీసుకోవడం మంచిది.

ఇక టైరు కడిగే సంగతి. జనం డబ్బు పూత మీద పెట్టి కడగడం దగ్గర పిసినారితనం చూపిస్తారు. నా లెక్కలో తిరగెయ్యాలి. శుభ్రంగా కడిగిన టైరు ఏమీ పూయకుండానే చూడ్డానికి బాగుంటుంది. కాస్త మసక నలుపు, అంతే. మురికి టైరు మీద పూత పూస్తే మురికికి పూసినట్టే, రెండు రోజుల్లో ఊడొస్తుంది.

కడిగేటప్పుడు నురుగు గోధుమ రంగులో కారుతుంది చూడండి. అది మట్టి ఒక్కటే కాదు. టైరు తయారుచేసేటప్పుడు రబ్బరులో మైనం, ఓజోను దెబ్బ నుంచి కాపాడే రసాయనాలు కలుపుతారు. గాల్లో ఉండే ఓజోను రబ్బరుని పగలగొడుతుంది. టైరు తిరిగి, నలిగి, వేడెక్కుతుంటే లోపలున్న ఆ మందులు కొంచెం కొంచెంగా పైకి ఊరి పొరలా కప్పుతాయి. పైకొచ్చి గాలి తగిలాక గోధుమ రంగుకి తిరుగుతాయి. ఆరు నెలలు షెడ్డులో కదలకుండా ఉన్న కారు టైర్లు, రోజూ తిరిగే కారు టైర్లకన్నా ముందే పగలడం చాలామందికి వింతగా ఉంటుంది. కదలని టైరులో మందు పైకి ఊరదు మరి. కాబట్టి ఆ గోధుమ రంగుని చూసి వారం వారం పీచు పెట్టి తోమెయ్యాలని ఆరాటపడకండి. ఏడాదికి మూడు నాలుగు సార్లు బాగా తోమితే చాలు, మిగతా రోజుల్లో మామూలు నీళ్ళు.

సీసాల మీద ఎండ నుంచి రక్షణ అని కూడా రాస్తారు. దానికి నేను ఎక్కువ విలువివ్వను. రబ్బరు పుట్టుకతో నల్లనిది కాదు, చెట్టు నుంచి పాలలా కారుతుంది. తొలినాటి టైర్లు లేత రంగులో ఉండేవి, మిషెలిన్ కంపెనీ వాళ్ళ టైర్ల మనిషి బొమ్మ తెల్లగా ఉండటానికి కారణం అదే. తరవాత్తరవాత కార్బన్ బ్లాక్ అనే మసి కలపడం మొదలైంది. టైరు త్వరగా అరగకుండా, ఎండకి చెడకుండా చూసేది ఆ మసే. అది లోపల రబ్బరు కణకణంలో కలిసి ఉంది. పైన రాసే నలుపు దానికి ఏం సాయం చేస్తుంది?

తోమడానికి గట్టి నైలాను బ్రష్షు చాలు. మా ఇంట్లో కొబ్బరి పీచు వాడతాం. ఇనుప బ్రష్షు మాత్రం వద్దు. బండి నీడలో పెట్టి, చక్రం చల్లారాక మొదలెట్టాలి. ఒక్కో చక్రం పూర్తిచేసి కడుక్కుంటూ పోవాలి, సబ్బు ఎండనివ్వకూడదు. కార్ షాంపూ పాత జిడ్డుని వదిలించలేదు. టైర్ల కోసమని అమ్మే క్షార గుణమున్న క్లీనరు గానీ, అన్నిటికీ పనికొచ్చే క్లీనరు గానీ సీసా మీద చెప్పిన పాళ్ళలో నీళ్ళు కలిపి వాడుకోవాలి. నురుగు తెల్లగా వచ్చేదాకా తోమాలి. బాత్రూం యాసిడ్‌తో అలాయ్ చక్రాలు మిలమిలలాడించే మహానుభావులున్నారు, నెల తిరిగేసరికి ఆ లోహం మీద మశూచి మచ్చలు పడతాయి. నీళ్ళ గన్ను కూడా టైరుకి ఆనించి కొట్టొద్దు, జానెడు దూరమైనా ఉంచమనండి. టైరు పూర్తిగా ఆరాకే పూత. రాసి పది నిమిషాలాగి, పొడిగుడ్డతో మిగిలింది తుడిచెయ్యాలి. ఈ తుడిచే పని ఎవరూ చేయరు. చేస్తే చిమ్మదు, దుమ్ము పట్టదు, సీసా కూడా ఏడాది వస్తుంది.

కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది మా ఊళ్ళో అడగక్కర్లేదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే పోతున్నాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం వాగుల్లో కోహో అనే సాల్మన్ చేపలు వాన పడ్డప్పుడల్లా గుంపులుగా చచ్చిపోతుంటే ఏళ్ళ తరబడి వెతికి, 2020లో కారణం పట్టుకున్నారు. నేను పైన చెప్పిన ఆ ఓజోను మందే. 6పీపీడీ అంటారు. టైరు అరిగిన పొడిలో ఉండి, ఓజోనుతో కలిసి వేరే పదార్థంగా మారి, వాననీళ్ళతో వాగులోకి చేరుతోంది. పాలిష్‌కీ దానికీ సంబంధం లేదు. ఆ వార్త చదివాక మాత్రం టైరు మీద నుంచి కారేది ఏదైనా ఊరికే పోదు అనిపించింది. అప్పట్నుంచి మా ఇంటి ముందు కాలవలోకి కాకుండా మట్టి మీద బండి పెట్టి, రెండు బకెట్లతో కడుగుతున్నాను.

ఇంతకీ ఆ రేకుల షెడ్డు సంగతి. పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర నమోదై అధికార పత్రం తీసుకోవాలని కేంద్రం 2022 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మంచి పనే. ఆ డీలరు కొనేవాడి చేతిలో పెట్టే కాగితంలో ఐదు గడులు అదనంగా వేయించడం ఎంత పని? నాలుగు టైర్లు, ఒక స్టెప్నీ, ఒక్కో దాని మీది నాలుగంకెలు. ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు, కళ్ళజోడుంటే చాలు. ఐదేళ్ళు దాటిన టైరుని ఏటా చూపించుకోమనీ, ఎంత బాగున్నా పదేళ్ళకి మించి వాడొద్దనీ టైర్ల కంపెనీలే చెబుతాయి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదని చట్టంలో ఉంది. గాడి లోతుకి గాళ్ళ మధ్యలోనే కొలగుర్తు పోసి ఉంటుంది. వయసుకి ఆ నాలుగంకెలే ఆధారం, వాటి మీదే జిడ్డు పూస్తున్నారు. కంపెనీలు కూడా సీసా మీద నీళ్ళదో ద్రావకానిదో పెద్దక్షరాలతో, తెలుగులో రాస్తే మా కొట్టతనికి టీ గ్లాసు మిగులుతుంది.

మొన్నొక పని మీద ఆటోనగర్ వెళితే అతనే పిలిచి, "బాబాయ్, ఆ పాల సీసా ఏమైంది, ఇంకోటి ఇవ్వనా?" అన్నాడు. ఇంకా సగం ఉందన్నాను. "అయితే వాడట్లేదన్నమాట" అన్నాడు.

వాడుతూనే ఉన్నాం. అల్లుడికి ఇప్పుడు తుడవడం వచ్చింది.